పెరుగు అయిపోయిందంటాడు, తీపి అసలే లేదంటాడు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. ఏడాదికి నాలుగైదు సార్లు వసూళ్ళ పని మీద నాగపూర్ అనీ ఢిల్లీ అనీ కలకత్తా అనీ తిరుగుతుంటాను, ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. మా షావుకారు స్లీపరు టిక్కెట్టు వరకే డబ్బులిస్తాడు, ఏసీ కావాలంటే తేడా మనమే వేసుకోవాలి, కాబట్టి నాది ఎప్పుడూ స్లీపరే. గుంటూరులో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి, విజయవాడలో దిగి, పెద్ద రైలు పట్టుకుని, ఒక పగలు ఒక రాత్రి, ఒక్కోసారి ఇంకో పగలు కూడా ఆ నీలం రెక్సిన్ బెర్తు మీదే గడుస్తుంది. ఇంట్లో మా ఆవిడ వండింది తిన్నన్ని పూటలు కాకపోయినా, రైల్లో వంటబోగీ, అదే పాంట్రీ వాళ్ళు తెచ్చింది కూడా తక్కువేం తినలేదు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం తీపి. నవ్వుకోకండి. రైలు భోజనం గురించి ఎవరు రాసినా శుభ్రత లేదనో, రేటు ఎక్కువ తీసుకున్నారనో రాస్తారు, అవి ఉన్నవే, నేనూ రెండు మాటలు అంటాను. కానీ రెండు రాత్రులు ప్రయాణం చేసే మనిషికి భోజనంలో ఒక చిన్న తీపి ముక్క ఉండాలని, అది మన ఊరి తీపి అయితే ఇంకా బాగుంటుందని ఎవరూ అడగరేం అని నాకు ఎప్పట్నుంచో అనుమానం. బహుశా స్లీపరు వాడికి ఇవన్నీ ఎందుకులే అని మనమే అనుకుంటున్నామేమో.

పోయిన వేసవిలో, యార్డుకి సెలవులివ్వడానికి వారం ముందు ఢిల్లీ వెళ్ళాను. రైలు పేరు రాయను, ఒక్క రైలు సంగతి కాదు కనుక. రాత్రి నాగపూర్ దాటాక పాంట్రీ కుర్రాడు భోజనాలు పంచుకుంటూ వచ్చాడు. రేకు మూత తీశాను. అన్నం డబ్బా మూల ఆకారంలోనే గడ్డకట్టి ఉంది, ప్లాస్టిక్ చెంచాతో పొడిస్తే పలుకుగా విడిపోకుండా ముక్కలుగా విరిగింది. రొట్టెలు నాలుగు మడతపెట్టి ఉన్నాయి, అంచులు అట్టలా ఉన్నాయి. పప్పు అనేది పసుపు నీళ్ళు, అడుగున గింజలు. బంగాళాదుంప కూర ఒక మాదిరి, అబద్ధం చెప్పకూడదు, అది వేడిగా ఉంది. పచ్చడి పొట్లం చింపితే నూనె వేళ్ళకి అంటింది గానీ ముక్క రాలేదు. పెరుగు లేదు.

"పెరుగేది బాబూ" అన్నాను, తెలుగులోనే వచ్చేసింది నోట్లోంచి. వాడికి అర్థమైంది. "దహీ ఖతమ్, అంకుల్." మరి తీపి ఏమైనా ఉందా అంటే నా వంక ఒకలా చూసి, "మీఠా ఇస్ మే నహీ ఆతా", అంటే ఇందులో తీపి రాదని చెప్పి పక్క బెర్తుల వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకడు వచ్చి నూట ఇరవై అడిగాడు. బిల్లు అడిగితే మిషన్ చార్జింగు లేదన్నాడు.

నిజానికి ఆ కుర్రాడు చెప్పింది సగం కరెక్టే. రైల్లో అమ్మే మామూలు శాకాహార భోజనం ధర 80 రూపాయలు, అదే స్టేషన్లో అయితే 70. అందులో ఏముండాలో రాసి ఉంది: అన్నం 150 గ్రాములు, గట్టి పప్పో సాంబారో 150, పెరుగు 80, కూర 100, రెండు పరాఠాలో నాలుగు రొట్టెలో ఓ 100 గ్రాములు, పచ్చడి 12. తీపి ఆ జాబితాలో లేదు. పెరుగు ఉంది. అంటే నాకు న్యాయంగా రావలసింది రాలేదు, వస్తుందని ఆశపడింది రాసే లేదు, రావాల్సిన దానికంటే నలభై రూపాయలు ఎక్కువ పోయాయి. బిల్లు ఇవ్వకపోతే భోజనం ఉచితం అని రైల్వే వాళ్ళే బోర్డులు పెట్టారు కదా అని మీరు అనొచ్చు. రాత్రి తొమ్మిదింటికి, ఆకలి మీద, చేతికి పప్పు అంటుకుని ఉన్నప్పుడు, ఆరడుగుల మనిషి డబ్బుల కోసం ఎదురుగా నిలబడి ఉంటే ఆ బోర్డు గుర్తు రాదండీ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు పద్ధతిలో తీపి చివర్న వస్తుంది. మనకి అలా కాదు. మన విస్తరిలో తీపి ముందే ఓ మూల పడుతుంది, పూర్ణమో లడ్డో ఏదో ఒకటి, ఆ తర్వాతే పప్పు, కూర, పులుసు, చివర్న పెరుగన్నం. మా అమ్మకి ఎనభై దాటాయి, ఇప్పటికీ పండగ పూట వడ్డన వరస తప్పితే ఊరుకోదు. కాబట్టి తెలుగువాడికి రైల్లో రెండు లోట్లు. మొదట రావలసింది రాదు, చివర్న రావలసింది అయిపోయిందంటారు. మధ్యలో ఉన్నది తిని పడుకోవాలి. పెరుగు కలుపుకోకుండా చెయ్యి కడుక్కుంటే భోజనం మధ్యలో లేచిపోయినట్టే ఉంటుంది, ఇది చాదస్తమనండి ఇంకేమైనా అనండి.

అన్ని రైళ్ళలో ఇలాగే ఉంటుందా అంటే, ఉండదు. మా షావుకారు గారి అబ్బాయికి తోడుగా ఒకసారి చెన్నై రాజధానిలో విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్ళాను, నా టిక్కెట్టూ వాళ్ళే తీశారు. ఎక్కి కూర్చోగానే నీళ్ళ సీసా, సాయంత్రం టీతో పాటు ఏదో తినుబండారం, రాత్రి భోజనానికి ముందు సూపు, దాంతో పాటు గట్టి బ్రెడ్డు పుల్లలు, భోజనం అయ్యాక ఐస్‌క్రీము కప్పు. ఆ డబ్బులన్నీ టిక్కెట్టులోనే కలిసి ఉంటాయని తెలుసు, ఎవరూ ఊరికే పెట్టట్లేదు. ఐస్‌క్రీము కూడా నాకేం గొప్పగా అనిపించలేదు, సగం కరిగి ఉంది. కానీ ఆ కప్పు ఇచ్చినప్పుడు మనిషిని భోజనానికి పిలిచి పెట్టినట్టుంది. స్లీపరులో డబ్బా చేతికిచ్చి పోతారు. నేను అడిగేది ఐస్‌క్రీము కాదు, సూపు అసలే కాదు, ఆ మర్యాదలో పదో వంతు.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఆ ఢిల్లీ ప్రయాణంలోనే నా ఎదుటి బెర్తుల్లో బీహారు వాళ్ళు ఓ కుటుంబం. కృష్ణా జిల్లాలో ఇటుక బట్టీలో పని చేసి ఊరికి పోతున్నారు. మొగుడూ పెళ్ళాం, ఓ ముసలాయన, ఇద్దరు పిల్లలు, ఐదుగురికి రెండు బెర్తులు ఖరారైనట్టున్నాయి. వాళ్ళు పాంట్రీ భోజనం కొనలేదు, మూట విప్పుకుని ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలే తిన్నారు. నా దగ్గర మా ఆవిడ కట్టిచ్చిన సున్నుండల డబ్బా ఉంది, స్టీలుది, ఎప్పుడూ నా సంచిలో అడుగున ఉంటుంది. భోజనం సగంలోనే వదిలేసి ఆ డబ్బా తీశాను. చిన్న పిల్ల, నాలుగేళ్ళుంటాయి, కళ్ళార్పకుండా చూస్తోంది. ఒకటి ఇచ్చాను. మొదట వాసన చూసింది, తర్వాత పళ్ళతో అంచు గీకింది, ఆ తర్వాత మొత్తం నోట్లో కుక్కుకుని రెండు బుగ్గలూ ఉబ్బించుకుని కూర్చుంది. మినప్పిండి అంగిట్లో అంటుకుని మాట రావట్లేదు, వేలు మాత్రం డబ్బా వైపు చూపిస్తోంది. వాళ్ళమ్మ సిగ్గుపడి పిల్లని వెనక్కి లాగింది. నేను అందరికీ తలా ఒకటి ఇచ్చాను.

కాసేపటికి ఆవిడ మూటలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి నా చేతిలో రెండు బిళ్ళలు పెట్టింది. గోధుమ రంగులో, పైన ఆకు గీతల్లా అచ్చు, గట్టిగా. ఠేకువా అంటారట. గోధుమ పిండి, బెల్లం, నెయ్యి కలిపి వేయిస్తారు, వాళ్ళ ఛఠ్ పండగకి తప్పనిసరిగా చేస్తారని ముసలాయన చెప్పాడు. చేసి ఎన్నాళ్ళయిందంటే పది రోజులన్నాడు. కరకరలాడుతోంది. అప్పుడు తట్టింది నాకు. మా ఇంట్లో సున్నుండ, వాళ్ళ ఇంట్లో ఠేకువా, ఈ రెండూ దూరం పోయే మనిషి కోసం పుట్టిన తీపులే. ఎప్పుడో బండ్ల మీద, కాలినడకన పోయే రోజుల నుంచే ఏది దారిలో పాడవదో ఆడవాళ్ళకి తెలుసు. ఇన్ని రైళ్ళు నడిపే వాళ్ళకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఎందుకంటున్నానంటే, పాంట్రీలో తీపి అసలు దొరకదని కాదు. అమ్మేవాళ్ళు వస్తారు. గులాబ్ జామూనో రసగుల్లానో కప్పులో పోసి, మూత వేసి తెస్తారు. మూడేళ్ళ కిందట కలకత్తా నుంచి వస్తూ రాత్రి పదకొండింటికి ఒక గులాబ్ జామూన్ కప్పు కొన్నాను. మూత కొంచెం ఉబ్బి ఉంది, చీకట్లో చూసుకోలేదు. నోట్లో పెట్టుకోగానే పుల్లగా తగిలింది, ఉమ్మేశాను, అయినా తెల్లారేదాకా కడుపులో తిప్పుతూనే ఉంది. ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. అబద్ధం చెప్పకూడదు, తర్వాతి పెద్ద స్టేషన్లో ఒకాయన బోగీలోకి వచ్చి, సారీ చెప్పి, డబ్బులు తిరిగిచ్చి, మిగిలిన కప్పులు కూడా దింపించి తీసుకెళ్ళాడు. మంచివాడే. కానీ మే నెల ఎండలో, ఫ్రిజ్జు లేని బుట్టలో, పాలతో చేసిన తీపిని రోజంతా మోసుకు తిరిగితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

పాలు, కోవా, పన్నీరు విరుగుడు, వీటిలో తేమ ఉంటుంది, తేమ ఉన్నచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. సున్నుండలో నీటి చుక్క లేదు. మినుములు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, పంచదారో బెల్లం పొడో కలిపి, కాచిన నెయ్యి పోసి చుట్టడమే. బందరు లడ్డు, తొక్కుడు లడ్డు అని కూడా అంటాం, అందులో శనగపిండిని కలిపి కారప్పూసలా నూనెలో వేయించి, దంచి, జల్లించి, పాకం పట్టి మళ్ళీ నెయ్యితో దంచుతారు. పాకం ముదిరితే అందులో ఉన్న కాస్త నీళ్ళనీ చక్కెర పట్టేసుకుని క్రిములకి మిగలనివ్వదు, కాజా నిలవుండేది కూడా అందుకే. అంటే మన వైపు తీపుల్లో సగానికి ఫ్రిజ్జూ అక్కర్లేదు, ఐసూ అక్కర్లేదు, డబ్బా మూత గట్టిగా ఉండి చీమలు పట్టకుండా ఉంటే చాలు.

అన్నీ పనికొస్తాయని కాదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు, అదే ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ ట్యాగు వచ్చింది, మనకి గర్వమే, కానీ అవి రైలుకి పనికిరావు. పై బెర్తు మీద కూర్చుని పూతరేకు కొరికి చూడండి, కింద బెర్తు ఆయన జుట్టంతా తెల్లపొడే. కాకినాడ గొట్టం కాజా కొరికితే పాకం చొక్కా మీదకి కారుతుంది, దానికన్నా తాపేశ్వరం మడత కాజా నయం. బొబ్బట్లు రెండో రోజుకి వాసన వస్తాయి. అరిసె గట్టిపడుతుంది గానీ పాడవదు, పళ్ళు లేనివాళ్ళకి కష్టం. నా లెక్కలో మొదటి స్థానం సున్నుండదే, రెండోది బందరు లడ్డు, దానికి కూడా 2017లోనే గుర్తింపు వచ్చింది, మూడోది మామూలు వేరుశనగ ఉండ, చవక, కడుపు నిండుతుంది.

ఇప్పుడు ఢిల్లీ దారి తీసుకోండి. ఆగ్రా దగ్గరపడుతుంటే పేఠా డబ్బాలు పట్టుకుని మనుషులు బోగీలోకి ఎక్కుతారు, పేఠా పేఠా అని చెవులు పగిలేలా అరుస్తారు. దేంతో చేస్తారో తెలుసా, మనం వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడికాయతో. మథుర వస్తే పేడా. నాగపూర్‌లో నారింజ బర్ఫీ. హౌరా వైపు వెళ్తే ఒడిశాలో రసగుల్లా కుండలు. ఆ ఊరు దాటుతున్నామంటే ఆ తీపి కొనాల్సిందే అన్నట్టు చేశారు వాళ్ళు, ఇంటికి తీసుకెళ్ళకపోతే పిల్లలు ఊరుకోరు. మరి విజయవాడ? దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే రైలు, హౌరా నుంచి చెన్నై పోయే రైలు, ఏదైనా ఈ జంక్షన్ మీదుగా పోవాల్సిందే అన్నట్టుంటుంది. పది ప్లాట్‌ఫారాలు. రైలు పది నిమిషాలు, పావుగంట ఆగుతుంది, నీళ్ళు పడతారు. కిటికీ దగ్గర ఏం వినపడుతుంది? ఇడ్లీ వడ, పులిహోర, పెరుగన్నం, బిర్యానీ, వాటర్ బాటిల్. పెరుగన్నం అరిచేవాడికి నా దండం, అతను చాలా పూటలు నన్ను కాపాడాడు. కానీ "బందరు లడ్డూ" అని ఒక్క కేక వేసేవాడు కనపడడు. మచిలీపట్నం ఇక్కడికి డెబ్భై కిలోమీటర్లు. అక్కడి లడ్డు కావాలంటే స్టేషన్ బయటికొచ్చి, ఆటో మాట్లాడుకుని, స్వీట్ల కొట్టుకి వెళ్ళాలి. రైలు దిగినవాడికి కుదురుతుంది, రైల్లో కూర్చున్నవాడికి ఎలా?

నేను అడిగేది చాలా చిన్న పని. విజయవాడలో ఆగే దూరపు రైళ్ళలోకి, పాంట్రీకి సరుకు ఎక్కించేటప్పుడే, రెండేసి సున్నుండలో రెండేసి బందరు లడ్లో ఉన్న చిన్న పొట్లాలు కూడా ఎక్కించండి. మీద చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలో, ధర, తెలుగులోనూ హిందీలోనూ అచ్చు వేయండి. భోజనంలో కలపొద్దు, 80 రూపాయల్లో అది కూడా పెట్టమంటే పప్పు ఇంకా పలచబడుతుంది, నాకు తెలుసు. విడిగా అమ్మండి, ఇరవై రూపాయలకో ఎంతకో. కావాల్సినవాడు కొంటాడు. గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరిలో ఎన్ని మహిళా సంఘాలు ఈ పిండివంటలు చేసి బతుకుతున్నాయో, వాళ్ళకి ఓ దారి దొరుకుతుంది. ఆహార భద్రత లైసెన్సు, శుభ్రత, అవన్నీ చూసుకునే తీసుకోండి, ఆ విషయంలో మొహమాటం వద్దు.

దీనికి కొత్తగా చట్టం చేయక్కర్లేదు కూడా. 2022 నవంబరులో రైళ్ళలో భోజనాల సంగతి చూసే ఐఆర్‌సీటీసీకి రైల్వే బోర్డు అధికారం ఇచ్చింది, ప్రాంతీయ వంటలు, ఆయా కాలాల్లో దొరికేవి, పండగ వంటలు, షుగరు ఉన్నవాళ్ళకీ చంటిపిల్లలకీ సరిపడేవి, చిరుధాన్యాల వంటలు మెనూలో చేర్చుకోవచ్చని. మామూలు మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో విడి పదార్థాలు అమ్ముకోవడానికి కూడా అందులోనే వీలుంది. ఆ వార్త చదివి మా కొట్లో అందరికీ చెప్పాను, ఇక మీదట రైల్లో రాగి సంకటి కూడా దొరుకుతుందిరా అని. ఇప్పటికీ మా హమాలీలు నేను ఊరెళ్ళి వచ్చిన ప్రతిసారీ సంకటి తిన్నావా బాబాయ్ అని ఏడిపిస్తారు.

చేయాలనుకుంటే ఎంత తేలికో కూడా చూస్తూనే ఉన్నాం. 2026 జనవరిలో హౌరా, అస్సాంలోని కామాఖ్య మధ్య వందే భారత్ స్లీపరు మొదలైంది, అటు నుంచి ఎక్కేవాళ్ళకి అస్సామీ భోజనం, ఇటు నుంచి ఎక్కేవాళ్ళకి బెంగాలీ భోజనం అని ముందే ప్రకటించారు. సంతోషం. బెంగాలీకి బెంగాలీ భోజనం పెట్టాలనే జ్ఞానం అక్కడ ఉన్నప్పుడు, విజయవాడలో ఎక్కిన తెలుగువాడికి పెరుగు, సున్నుండ పెట్టాలనే జ్ఞానం ఇక్కడ ఎందుకుండకూడదు? అది ఏసీ రైలు కదా అంటారా, సున్నుండకి ఏసీ అక్కర్లేదని పైనే రాశాను.

ఇంకో దారి కూడా ఉంది. ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి అని 2022లో పథకం పెట్టారు, విజయవాడలో దాని కింద కొండపల్లి బొమ్మలు పెట్టారు. బొమ్మలు పెట్టొద్దని ఎవరంటారు, మా మనవరాలికి నేనే ఎడ్లబండి కొన్నాను. దాని పక్కనే ఓ చిన్న బల్ల వేసి తీపి కూడా పెట్టండి, ఇంకా మంచిది, బుట్టలో పెట్టుకుని కిటికీల దగ్గరికి తిరిగేవాళ్ళని పెట్టండి. స్లీపరు మనిషి రైలు దిగడు. దిగితే సీటు పోతుందనో సామాను పోతుందనో టెన్షన్. సరుకే కిటికీ దగ్గరికి రావాలి.

ఫోన్లో ఆర్డరు పెట్టుకోవచ్చు కదా అని మా అబ్బాయి అంటాడు. టిక్కెట్టు మీదుండే పీఎన్ఆర్ నెంబరు కొడితే దారిలో వచ్చే స్టేషన్లూ హోటళ్ళూ చూపిస్తుంది, సీటు దగ్గరికే తెచ్చిస్తారు, ఇప్పుడు వాట్సాప్‌లో కూడా అవుతోంది. మంచి ఏర్పాటే, నేనూ రెండు మూడు సార్లు వాడాను, ఒకసారి నాగపూర్‌లో వేడివేడి భోజనం బాగానే వచ్చింది. కానీ ఒక్క మనిషి రెండు లడ్డూల కోసం ఆర్డరు పెడతాడా? రైలు మూడు గంటలు లేటయితే ఏమవుతుంది? పైగా సిగ్నల్ లేని చోట ఫోను చేతిలో పెట్టుకుని కూర్చునే ఓపిక నా వయసు వాళ్ళకి లేదు. ఆ బీహారు ముసలాయన చేతిలో ఉన్నది బటన్ల ఫోను. అతనికి దొరికేది బోగీలోకి వచ్చి అమ్మేదే.

అతని మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. జనరల్ బోగీల వాళ్ళ కోసం 2023 నుంచి ప్లాట్‌ఫారం మీద 20 రూపాయల భోజనం పెట్టారు, ఏడు పూరీలు, బంగాళాదుంప కూర, పచ్చడి. నేను తిని చూశాను, ఆ డబ్బుకి తప్పు పట్టడానికి లేదు. పూరీ చల్లారినా తినొచ్చు, అది తెలిసినవాళ్ళు ఆలోచించిన మెనూ. ఆ ఆలోచనే స్లీపరు వైపు కూడా ఇంకో రెండడుగులు వేయమంటున్నాను. ఆ ఇరవై రూపాయల పొట్లం పక్కన ఐదు రూపాయల వేరుశనగ ఉండ పెట్టి చూడండి, పిల్లలతో వెళ్ళే ఆడవాళ్ళు కొనకపోతే నన్నడగండి.

షుగరు సంగతి ఎత్తకపోతే మా బావగారు నన్ను వదలడు. ఆయనకి పదిహేనేళ్ళ నుంచి షుగరు, తిరుపతికైనా కాశీకైనా మందుల సంచితో రావాల్సిందే. ఆయన బాధ నా బాధకి పూర్తిగా తిరగేసి ఉంటుంది, తీపి అక్కర్లేదు గానీ టైముకి తిండి కావాలి, మాత్ర వేసుకున్నాక భోజనం గంట ఆలస్యమైతే చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. అలాంటప్పుడు మాత్రం నా సంచిలో సున్నుండే ఆయనకి మందు. అంత అవసరం లేనప్పుడు అన్నం తగ్గించి కూర ఎక్కువ పెట్టిన భోజనమో, వేయించిన శనగలో, జామకాయో దొరకాలి. బెల్లంతో చేసిందైతే షుగరున్నా తినొచ్చని పక్క సీటు వాళ్ళు ధైర్యం చెబుతుంటారు, నమ్మకండి, బెల్లమూ పంచదారలాగే షుగరు పెంచుతుంది. పొట్లం మీద ఆ ముక్క కూడా రాస్తే మంచిది.

నేను మిర్చి మనిషిని కాబట్టి చివరగా కారం గురించి ఒక్క మాట. ఆంధ్రావాడంటే కారమే కావాలనుకుని, విజయవాడ దాటాక కూరలో కారప్పొడి గుమ్మరించే వంటవాళ్ళని చూశాను. మేం అమ్మే సరుకే నాగపూర్ వెళ్ళి, ఢిల్లీ వెళ్ళి, పొడై, మళ్ళీ నా పళ్ళెంలోకి వస్తోందేమో అని నవ్వొస్తుంది. రైల్లో మాకు కారం అక్కర్లేదు బాబూ. కదలకుండా కూర్చునే రెండు రోజులు కడుపు చల్లగా ఉండాలి. పెరుగు ఇవ్వండి చాలు.

మీ పత్రికకి నాదొక విన్నపం. పైన రాసిన ఆ భోజనం జాబితా, అన్నం ఎంత, పప్పు ఎంత, పెరుగు ఎంత, రైల్లో 80, స్టేషన్లో 70, కోడిగుడ్డు కూరతో అయితే రైల్లో 90, చికెన్ కూరతో 130 అని, ఏదో ఒక ఆదివారం ఓ మూల పెద్ద అక్షరాలతో అచ్చువేయండి. బోగీల్లో అది తెలుగులో కనపడదు, ఫోన్లో వెతుక్కునే ఓపిక అందరికీ ఉండదు. కత్తిరించి టిక్కెట్టుతో పాటు జేబులో పెట్టుకుంటాం. వచ్చే నెల మళ్ళీ నాగపూర్ ప్రయాణం ఉంది నాకు, పెరుగు ఖతమ్ అన్న కుర్రాడికి ఈసారి కాగితం చూపిస్తాను. సున్నుండల డబ్బా ఎలాగూ ఉంటుంది, ఈసారి ఒక పాతిక ఎక్కువ చుట్టమని మా ఆవిడకి చెప్పాను.

ఇట్లు,
ఒక మిర్చి యార్డు గుమాస్తా,
గుంటూరు